పిల్లికూనల కడుపుజబ్బు

పిల్లికూనకు భేదులు పట్టినవని పాఠశాల పత్రికకు వ్యాసము వ్రాయుటయా యని కొందఱు నవ్వవచ్చును. నవ్వినను నాకు బాధ లేదు. పిల్లి మన యిండ్లలో పిలువకయే వచ్చి చేరు జంతువు. దానికై మనము కొట్టము కట్టము, మేత కొనము, తఱచుగా పేరుకూడ పెట్టము. అయినను వంటయింటి గడపయొద్ద దానికొక చోటు ఉండనే యుండును. ఆవునకు జబ్బుచేసినచో ఊరిలోని పెద్దలందఱు వచ్చి తలకొక వైద్యము చెప్పుదురు. పిల్లికూన నీరసించి మూల జేరినచో "పిల్లికూనలు పుట్టుచుండును, పోవుచుండును" అని తమ పనికి తాము పోవుదురు. ఆ పోవుట యెట్లు జరుగునో, ఎంతలో జరుగునో, దానిలో ఆపదగిన భాగ మెంతయో విచారించుట శాస్త్రము చదువుకొను బాలబాలికలకు తగనిపని కాదని నా నమ్మకము.

మాది హోసూరు ప్రాంతమునందలి ఒక పల్లె. ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచేరిలో తమిళము, ఈ మూడింటితో మాకు దినము గడచును. మనము పిల్లి యనుదానిని ప్రక్కయింటివారు బెక్కు అందురు. బస్సు దిగి వచ్చువారు పూనై యందురు. భేదులను మాత్రము మనమును కన్నడమువారును ఇంచుమించు ఒకే మాటతో చెప్పుకొందుము. కడుపునొప్పికి భాషాభేదము లేదు గాబోలు.

2022వ సంవత్సరము జూలై 11వ తేదీ సోమవారమునాడు మా పాఠశాల వెనుకటి వరండాలో, విఱిగిన బల్లల చాటున నున్న అట్టపెట్టెలో, ఒక బూడిదవన్నె పిల్లి నాలుగు కూనలతో పండుకొనియుండుట చూచితిమి. తొమ్మిదవ తరగతి పిల్లలు తల్లి యిటునటు పోయిన సమయము చూచి, ప్రయోగశాలనుండి త్రాసు తెచ్చి కూనలను తూచిరి. వరుసగా 104, 101, 98, 86 గ్రాములు. నాడు మొదలు సెలవుదినములు తప్ప దినదినమును తూచి ఒక నోటుపుస్తకములో వ్రాయుట వారికి వినోదమైనది. ఆ వినోదము ఊరక పోలేదు. పాలు చక్కగా త్రాగు పిల్లికూన దినమునకు 10 మొదలు 15 గ్రాములవఱకు పెరుగవలెను. ఒకదినము బరువు పెరుగక నిలిచినచో అనుమానింపవలెను, తగ్గినచో తొందరపడవలెను. జంతువు తనకు జబ్బుగా నున్నదని నోటితో చెప్పలేదు. పిల్లి మఱియును గుట్టుగల జంతువు. బాధను దాచుకొని మూల జేరును. త్రాసు మాత్రము దాచదు.

మొదటి నెల యంతయు తల్లియే చూచుకొనినది. పుట్టిన మొదటి దినమున త్రాగు ముఱ్ఱుపాలలో తల్లి శరీరమునందలి రోగనిరోధక పదార్థములుండును. కూన ప్రేవులు వానిని చెడగొట్టక యథాతథముగా నెత్తురులోనికి తీసికొనగలిగినది సుమారు ఒక పగలు, ఒక రాత్రి మాత్రమే. ఆపైన ఆ తలుపు మూతపడును. అట్లు వచ్చిన ఆస్తి వారములు గడచినకొలది తఱిగిపోవును. కూన తన స్వంత నిరోధకశక్తిని సంపాదించుకొనుటకు ఇంకను కొంతకాలము పట్టును. తల్లి యిచ్చినది తఱిగి, తనది ఇంకను కూడని ఆ నడుమకాలములోనే కూన పాలు మానుటకు మొదలిడి, నేలమీద తిరిగి, దొరకినదెల్ల మూతి పెట్టి చూచును. నాలుగు మొదలు పండ్రెండు వారముల వయస్సులో కూనలకు కడుపుజబ్బులు ఎక్కువగుటకు ముఖ్యకారణ మిదియే.

ఆగస్టు 12వ తేదీ శుక్రవారమునాటి బరువులు పుస్తకములో నున్నవి: 462, 455, 440, 351. పిమ్మట రెండు దినములు సెలవులు. 15వ తేదీ సోమవారము జెండావందనమునకు వచ్చిన పిల్లలు మిఠాయి చేతబట్టుకొని వెనుకటి వరండాకు పోయి, వెంటనే పరుగెత్తుకొని వచ్చిరి. "అయ్యవారూ, చిన్నది లేవడము లేదు. పెట్టె అంతా పాడైపోయింది" అని ఒక బాలిక చెప్పెను. పోయి చూచితిమి. నాలుగు కూనల తోకలక్రింద వెండ్రుకలు తడిసి అంటుకొని యుండెను. పెట్టెలోని గుడ్డమీద నీళ్లవంటి విరేచనము, అక్కడక్కడ జిగురు, ఒకచోట నెత్తుటిచార. మఱల తూచిరి: 448, 452, 402, 306. మూడు దినములలో చిన్నదానికి 45 గ్రాములు పోయినవి. అనగా దాని శరీరములో ఎనిమిదింట ఒకపాలు.

ఈ లెక్కను కొంచెము నిలిచి ఆలోచింపవలెను. భేదులవలన ప్రాణము పోవుట యనగా ముఖ్యముగా నీరు పోవుటయే. అప్పుడే పుట్టిన కూన శరీరములో నూటికి ఇంచుమించు 80 పాళ్లు నీరు. పెరిగినకొలది ఈ పాలు కొంత తగ్గును గాని, అయిదువారముల కూన యింకను నీటిబుడగవంటిదే. దాని చర్మము క్రింద క్రొవ్వు తక్కువ. నీటిని పొదుపుచేయు నేర్పు దాని మూత్రపిండములకు ఇంకను పూర్తిగా అబ్బలేదు. కాలేయములో నిలువయున్న చక్కెర కొద్దిగంటలకే సరి. 450 గ్రాముల కూననుండి పదింట ఒకపాలు నీరు పోయినదనుకొందము. అది 45 మిల్లీలీటర్లు, వంటయింటి పెద్దచెంచాతో మూడు చెంచాలు. ఆ మూడు చెంచాలు పోయినంతనే కన్నులు గుంటలు పడును. చిగుళ్లు ఎండి వ్రేలికి జిగటగా తగులును. చర్మమును ఎత్తి విడిచినచో మడత వెంటనే సర్దుకొనదు. మనకు మూడు చెంచాల చెమట లెక్కలోనిది కాదు. దానికి అది బ్రదుకునకును చావునకును నడుమనున్న దూరము.

నీటితోపాటు ఉప్పులును పోవును. అందు పొటాసియము తగ్గినపుడు కండరములు సడలి, కూన తలయెత్తలేదు. చూచువారు నిద్రపోవుచున్నదందురు.

ఆ పూట మేము చేయగలిగినది వెచ్చదనము నిచ్చుట. సీసాలలో వేడినీరు పోసి, గుడ్డ చుట్టి, కూనల ప్రక్క నుంచితిమి. ఒక పిల్లవాడు పాలు తెచ్చి చిన్నదాని నోట పోయబోయెను. వలదని ఆపితిని. చల్లబడిన కూనకు ఆహారము పెట్టుట ప్రమాదము. శరీరపు వేడి మిక్కిలి తగ్గినపుడు ప్రేవుల కదలిక నిలిచిపోవును. పోసిన పాలు కడుపులోనే పులియును, లేదా ఊపిరితిత్తులలోనికి పోవును. ముందు వేడి, పిమ్మట నీరు, ఆ తరువాత ఆహారము. ఈ క్రమము తప్పరాదు. చిన్నది వేడికి కొంత తేఱుకొని, సాయంకాలము ఒకమాఱు మూతి కదల్చెను. రాత్రి తొమ్మిదింటికి దాని ఊపిరి నిలిచిపోయెను. తెల్లవారి పిల్లలు దానిని కానుగచెట్టు క్రింద లోతుగా గోయి త్రవ్వి పూడ్చిరి. ఆ దినపు పుటలో నాలుగవ గడిలో అంకె లేదు. ఒక గీత యున్నది.

మంగళవారము ఉదయమున మిగిలిన మూడింటిని బుట్టలో పెట్టుకొని పట్నములోని పశువైద్యశాలకు పోయితిమి. అక్కడి డాక్టరమ్మ తమిళదేశమునకు చెందిన యువతి. నాకు వచ్చిన తమిళమును, ఆమెకు వచ్చిన తెలుగును కలిసి ఎట్లో సరిపోయినవి. ఆమె మొట్టమొదట పుస్తకమును చూచి, "బరువులు వ్రాసినది ఎవరు?" అని యడిగి, పిల్లలవైపు తిరిగి తల యూపెను. తరువాత ఒక్కొక్క కూన వేడిని కొలిచెను. పెరిగిన పిల్లికి స్వాభావికముగా 100.5 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వఱకు ఉండును. మనకు జ్వరముగా తోచు వేడి దానికి ఆరోగ్యము. రెండు కూనలకు 101 ఉండెను. 402 గ్రాముల దానికి 104 దాటెను. నెత్తుటిచార దానిదే.

విరేచనమును గాజుపలకమీద ఒక చుక్క నీటిలో కలిపి ఆమె సూక్ష్మదర్శినిలో చూచి, పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి చూపెను. పాఠ్యపుస్తకములో బొమ్మగా చూచిన దానిని ప్రాణముతో కదలుచుండగా చూచుట వారికి అదియే మొదలు. రెక్కలు చాచిన సముద్రపక్షి ఆకారముతో అతిసన్నని వంకరకడ్డీలు కొన్ని బాణములవలె అటునిటు పరుగులిడుచుండెను. వాని నడుమ పెద్దవిగా, గుండ్రముగా, ఏలికపాముల గ్రుడ్లు కనబడెను. ఆ వంకరకడ్డీల పేరు కాంపైలోబాక్టర్. వంకరకడ్డీ యనియే ఆ గ్రీకుమాటకు అర్థము.

ఇచ్చట కొంచెము చరిత్ర చెప్పుకొనవలెను. 1885వ సంవత్సరము సూక్ష్మజీవుల శాస్త్రమున గొప్ప సంవత్సరము. ఆ యేడు జర్మనీలో తియోడార్ ఎషరిక్ అను శిశువైద్యుడు పసిబిడ్డల మలమునుండి ఒక కడ్డీ ఆకారపు సూక్ష్మజీవిని వేఱుపఱచెను. అదియే తరువాత అతని పేర ఎషరికియా కోలై అయినది. ఆ యేడే అమెరికాలో డేనియల్ సాల్మన్ అను పశువైద్యుని సహాయకుడు తియోబాల్డ్ స్మిత్ పందులనుండి మఱియొక దానిని కనుగొనెను. దానికి పై అధికారి పేర సాల్మొనెల్లా యని పేరు వచ్చెను. కనుగొనినది ఒకరు, కీర్తి మఱియొకరిది. ఇది శాస్త్రములోను కలదు. పారిస్‌లో పాస్టర్ మహాశయుడు పిచ్చికుక్క కఱచిన బాలునికి టీకా వేసినదియు ఆ 1885 లోనే. మఱుసటి సంవత్సరము ఎషరిక్ భేదులతో మరణించిన శిశువుల ప్రేవులలో వంకరగా నుండు సూక్ష్మజీవులను చూచి వర్ణించెను గాని వానిని పెంచుట చేతకాలేదు. వాని సంగతి ఇంచుమించు తొంబదియేండ్లు మఱుగుననే యుండెను. 1970వ దశకములో బెల్జియములో బట్జ్‌లరును, 1977లో ఇంగ్లండులో స్కిర్రోయును వానిని మలమునుండి పెంచు విధానములను చూపిన పిమ్మటనే, మనుష్యుల భేదులకు ఇవి యెంత సామాన్యకారణమో లోకమునకు తెలిసినది.

పెంచుట చేతకాకపోవుటకు కారణము వాని వింతస్వభావము. వానికి గాలిలోని ప్రాణవాయువు ఎక్కువ పనికిరాదు. బొత్తిగా లేకున్నను పనికిరాదు. వేడి మాత్రము ఎక్కువ కావలెను, 42 డిగ్రీల సెంటిగ్రేడు. ఆ వేడి యెవరిది? పక్షిది. కోడికడుపులో అవి కోడికేమియు కీడు చేయక సుఖముగా కాపురముండును. కోడిని కోసినపుడు తోలుకును, ప్రేవులకును, మాంసమునకును అంటుకొనును.

డాక్టరమ్మ "వీనికి ఏమి పెట్టినారు?" అని యడుగగా, వెంటవచ్చిన పిల్లలలో ఒకడు మెల్లగా చెప్పెను: గురువారమునాడు మాంసపు దుకాణములో పాఱవేయు కోడితోలు, ప్రేవులు అడిగి తెచ్చి పచ్చిగానే వేసినాడట. పిల్లులు వేటాడి పచ్చిమాంసమే గదా తినునని అతని తర్కము. తర్కము తప్పు గాదు. కాని వేటపిల్లి తినునది అప్పుడే చచ్చిన యెలుక; దుకాణపు తొట్టిలోని తోలు అనేక కోళ్ల మలము సోకి, వెచ్చని గాలిలో పూటంతయు నిలిచినది. వాడు తల దించుకొనగా డాక్టరమ్మ వాని భుజము తట్టి మఱియొక మాట చెప్పెను. అది నాకు మిక్కిలి నచ్చినది. సూక్ష్మదర్శినిలో కాంపైలోబాక్టర్ కనబడినంతమాత్రమున అదియే దోషి యని తీర్పు చెప్పరాదట. ఏ జబ్బును లేని పిల్లుల కడుపులలోను అవి తఱచుగా నుండును. క్లాస్ట్రీడియము, ఎషరికియా కోలై సంగతియు అంతే. ఇంట నున్నవాడు దొంగ కానక్కఱలేదు. ఏలికపాములు, కోక్సిడియా, జియార్డియా వంటి పరాన్నజీవులు, మేతమార్పు, చలి, కిక్కిరిసిన పెట్టె, వీనిలో రెండు మూడు కలిసినపుడు ప్రేవు ఓడిపోవును. ఈ మూడింటి విషయములో పాములును ఉన్నవి, పచ్చితోలును ఉన్నది, పాలు మఱపు వయస్సును ఉన్నది.

ప్రేవులో జరుగు పోరాటమును గూర్చి కొన్ని మాటలు. చిన్నప్రేవు లోపలిగోడ నున్నగా నుండదు. సన్నని వ్రేళ్లవలె ఆంత్రచూషకములు నిండియుండును. ఆహారసారమును పీల్చునవి అవియే. వానిమీది కణములు మూడు నుండి అయిదు దినములకు రాలి క్రొత్తవి వచ్చుచుండును. కొన్ని సూక్ష్మజీవులు గోడను తాకియు తాకకయే విషము విడిచి, నీటిని లోపలికి పీల్చవలసిన ప్రేవు బయటికి క్రుమ్మరించునట్లు చేయును. ఎషరికియాలో కొన్ని జాతు లట్టివి. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటివి కణములలోనికే చొరబడి గాయపఱచును. అందుచే జ్వరము, జిగురు, నెత్తురు. గాయపడిన గోడకు అయిదు దినములు గడువు ఇచ్చి, ఆ అయిదు దినములు కూనను ఎండిపోకుండ కాపాడగలిగినచో, చాలవఱకు ప్రేవు తన్నుతానే బాగుచేసికొనును. వైద్యములో పెద్దభాగము ఆ గడువును సంపాదించుటయే.

అందువలన డాక్టరమ్మ మొదట చేసినది మందిచ్చుట కాదు, నీరెక్కించుట. లవణములు కలిపిన రింగర్ ద్రవమును శరీరపు వేడికి తెచ్చి, భుజముల నడుమ వదులుగా నుండు చర్మము క్రింద ఒక్కొక్కదానికి 20 మిల్లీలీటర్లు సూదితో ఎక్కించెను. వీపున మూపురములు లేచినవి. పిల్లలు "ఒంటెలైనవి" అని నవ్విరి. గంటలలో ఆ మూపురములు కరిగి నెత్తురులో కలిసిపోయినవి. ఇంటికి వచ్చిన పిమ్మట ఆమె చెప్పిన కొలతకు నోటిద్వారా ఇచ్చు చక్కెర యుప్పు ద్రవమును సూదిలేని సిరంజితో చుక్కలు చుక్కలుగా పోసితిమి. కూన మ్రింగిన తరువాతనే రెండవ చుక్క.

ఆ ద్రవము వెనుక మనదేశపు కథ యున్నది. కలకత్తాలో శంభునాథ్ డే అను వైద్యుడు కుందేలు ప్రేవులలో ప్రయోగములు చేసి, 1956లో ఎషరికియాలో కొన్ని జాతులు ప్రేవులోనికి నీటిని రప్పించునని చూపెను. 1959లో కలరా సూక్ష్మజీవుల విషమును వెల్లడించెను. ఉప్పును చక్కెరయును కలిసినచో, భేదులలోకూడ ప్రేవు ఆ రెండింటిని పీల్చుకొని, వానివెంట నీటిని పీల్చుకొనునని తరువాతివారు గ్రహించిరి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగావ్ శరణార్థి శిబిరములో కలరా ప్రబలి, సెలైను సీసాలు చాలకపోగా, దిలీప్ మహలనబీస్ చక్కెర, ఉప్పు, సోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నుంచి త్రాగించెను. అక్కడ సుమారు నూటికి 30 గా నున్న మరణములు నాలుగింటికంటె తక్కువకు దిగినవి. ఆ మహనీయుడు 2022 అక్టోబరులో కలకత్తాలోనే కీర్తిశేషుడయ్యెను. మా కూనలు కోలుకొనిన రెండు నెలలకు ఆ వార్త పత్రికలో చదివి ఒక బాలిక కత్తిరించి తెచ్చి నోటుపుస్తకములో అంటించినది.

ఇక మందు సంగతి. జ్వరమును నెత్తురును ఉన్న కూనకు మాత్రమే డాక్టరమ్మ సూక్ష్మజీవనాశక మగు మందును అయిదు దినములకు వ్రాసెను. తక్కిన రెండింటికి ఏలికపాముల మందు తప్ప వేఱేమియు లేదు. మూడింటికి ఒకే జబ్బుగదా, మూడింటికి మందు వేయరాదా యని పిల్లలడిగిరి. నేనును వినగోరిన ప్రశ్నయే అది. అవసరములేని చోట వేసినచో ఆ మందు ప్రేవులోని మేలుచేయు సూక్ష్మజీవులనుకూడ చంపును; చావక మిగిలిన చెడ్డవి మందునకు లొంగని జాతిగా పెరుగును; అవి రేపు కూననుండి మీ యింటి బిడ్డకును రావచ్చును, అని ఆమె చెప్పెను.

తెలుగువారికి ఈ కథలో ఒక పాలున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు అధ్యక్షులై యుండగా, అక్కడ బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును 1945లో కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు మరణించిరి. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అదియే మొదటిది. లెక్కలేని మనుష్యులను, పశువులను రక్షించినది. కాని కొద్దికాలములోనే కోళ్ల దాణాలో దానిని కొంచెము కలిపినచో అవి త్వరగా బరువెక్కునని తెలిసి, జబ్బులేని పశుపక్ష్యాదులకు మందు మేపు ఆచారము దేశదేశముల వ్యాపించెను. ఫలముగా మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగినవి. ఐరోపా సంఘమువారు 2006లో పెరుగుదలకై అట్టి మందులు మేపుటను నిషేధించిరి; మనదేశమున 2019లో కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని శాసించిరి. అన్నట్లు, టెట్రాసైక్లిన్ మందులు పెరుగుచున్న పిల్లికూనల పండ్లను పచ్చబఱచును. అందుచే ఈ వయస్సువానికి సాధారణముగా వానిని వాడరు.

ఇంటివైద్యమును గూర్చి రెండు హెచ్చరికలు. మనుష్యులకు జ్వరమునకు వేయు పారాసిటమాల్ పిల్లికి విషము. ఆ మందును విఱిచి బయటికి పంపుటకు కావలసిన శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ. ఒక మాత్రలోని భాగమే పెరిగిన పిల్లినికూడ చంపగలదు. కడుపునొప్పికి మనము నూఱి మ్రింగు వెల్లుల్లియును, ఉల్లియును పిల్లి నెత్తుటికణములను చెడగొట్టును. మా యవ్వ రాగిసంగటిని పాలలో పిసికి పిల్లికి పెట్టుట చిన్ననాట చూచితిని. ప్రేమతో పెట్టినదే, ఆ పిల్లి అరుగకున్నను ఎలుకలతో ఆ లోటు పూడ్చుకొనెడిది. భేదులు పట్టిన కూనకు మాత్రము ఆవుపాలు తగవు; జబ్బుపడిన ప్రేవు పాలలోని చక్కెరను అరిగించుకొనలేక భేదులు హెచ్చగును. డాక్టరమ్మ చెప్పినట్లు ఉప్పుకారములు లేక ఉడికించి మెత్తగా చిదిపిన కోడిమాంసమును దినమునకు ఆఱుమాఱులు చిటికెడు చిటికెడుగా పెట్టితిమి. కూనను పస్తుంచుట మంచిది కాదు.

ఆమె భయపడి మొదటనే పరీక్షించిన జబ్బు వేఱొకటి కలదు. దానికి కారణము బాక్టీరియా గాదు, వైరసు. పాన్‌ల్యూకోపీనియా యని పేరు. అది ప్రేవుకణములు పుట్టు చోటునే నాశనముచేసి, నెత్తుటిలోని తెల్లకణములనుకూడ హరించును. అపుడు కడుపులో సాధువులుగా నున్న బాక్టీరియాలే గోడ దాటి నెత్తురులో ప్రవేశించి చంపును. కోట కూల్చినది ఒకరు, కొల్లగొట్టినది మఱియొకరు. ఈ వైరసు నేలమీద ఏడాదివఱకును బ్రదికియుండగలదు. టీకా తప్ప మంచి దారి లేదు. మా అదృష్టమువలన పరీక్షలో అది కనబడలేదు.

పశువైద్యశాలనుండి బయలుదేరునపుడు ఆమె పిల్లలందఱిచేతను సబ్బుతో చేతులు కడిగించెను. కాంపైలోబాక్టర్, సాల్మొనెల్లా రెండును పిల్లినుండి మనుష్యులకు అంటును. అయిదేండ్లలోపు బిడ్డలు, వృద్ధులు, గర్భిణులు జాగ్రత్తగా నుండవలెను. మఱునాటినుండి కూనలను తాకు పని ఇద్దఱు పెద్దపిల్లలకే అప్పగించితిమి. అట్టపెట్టెను కాల్చివేసి, గచ్చును బ్లీచింగు నీటితో కడిగి ఆఱబెట్టితిమి. వరండా ప్రక్క కొళాయియొద్ద సబ్బుబిళ్ల పెట్టగా, అది మూడుమాఱులు మాయమైనది; నాలుగవదానికి పిల్లలు కన్నము చేసి త్రాడు కట్టిరి.

జ్వరపు కూనకు మూడవ దినమున వేడి తగ్గెను. మొదటి రెండు దినములు అది మందు వేయగానే నురుగు క్రక్కెడిది. మందును మాంసపు ముద్దలో దాచుట ఒక బాలిక కనిపెట్టినది. 19వ తేదీ పుటలో దాని బరువు 399. 20వ తేదీ 405. ఆ అంకె క్రింద ఎవరో ఎఱ్ఱసిరాతో రెండు గీతలు గీసిరి. 24వ తేదీకి విరేచనము గట్టిపడెను. నెలాఖరునకు మూడును 500 గ్రాములు దాటెను. సెప్టెంబరులో ఎనిమిదివారములు నిండగా మొదటి టీకా, నాలుగువారముల కొకమాఱు తక్కిన రెండును, నవంబరులో పిచ్చిరోగపు టీకాయు వేయించితిమి. తల్లిపిల్లికి ఇక కూనలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించితిమి. ఖర్చు పిల్లలు ఇంటింట పాతకాగితములు పోగుచేసి అమ్మగా వచ్చిన సొమ్ము. చాలనిది ఉపాధ్యాయులు వేసికొనిరి.

పెద్దవి రెండింటిని పదవ తరగతి పిల్లలు ఇండ్లకు తీసికొనిపోయిరి. కోడితోలు తెచ్చిన బాలుడు జ్వరపుకూనను అడిగెను. వాని తల్లి మొదట ఒప్పుకొనలేదు. నోటుపుస్తకము తీసికొనిపోయి చూపిన పిమ్మట ఒప్పుకొనినది. ఇప్పుడు వారింట దుకాణపు తోలు కుండలో తెర్లునంతవఱకు ఉడికించి గాని దానికి పెట్టరు.